ముందు వాక్యం, తర్వాత సంగీతం: బాక్, హాండెల్‌లను వినడం, ఆరాధనలో వాడడం ఎలా?

మత్తయి సువార్త 26వ అధ్యాయం, 22వ వచనం. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు చెప్పగానే శిష్యులు ఒక్కొక్కరుగా "ప్రభువా, నేనా?" అని అడుగుతారు. ఈ వచనం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివి ముందుకు వెళ్లిపోయేదాన్ని. ఒక రాత్రి బైబిల్ ఒళ్లో పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్‌లో 'సెయింట్ మాథ్యూ ప్యాషన్' వింటున్నాను, మత్తయి రాసిన యేసు శ్రమల కథకు స్వరకర్త బాక్ కట్టిన సంగీతం. ఆ ప్రశ్నను క్వైర్ కొద్ది సెకన్లలో పాడేసింది. కంగారుగా, ఒకరి మాట మీద ఒకరు పడుతూ. అందులో "ప్రభువా" అనే పిలుపు 11 సార్లు ఉంటుంది. శిష్యులు పన్నెండు మంది, యూదా ఇంకా నోరు విప్పలేదు. ఆ కంగారు ముగిసీ ముగియకముందే, ఏ హడావుడీ లేకుండా నెమ్మదిగా ఒక కీర్తన మొదలైంది. దాని మొదటి మాట "నేనే". చేతులు కాళ్లు కట్టబడి ఆ శిక్ష అనుభవించాల్సింది నేనే అని ఆ చరణం అర్థం.

అడిగింది శిష్యులు. జవాబు చెప్పింది మాత్రం సంఘం. ఆ రాత్రి పాట ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటి నుంచి 22వ వచనాన్ని వేగంగా దాటలేకపోతున్నాను.

నేను సంఘంలో కీబోర్డ్ వాయిస్తూ, క్వైర్‌కి పాటలు నేర్పిస్తూ 22 ఏళ్లయింది. సంగీతంలో పెద్ద డిగ్రీలు ఏమీ లేవు. వాయిస్తూ, వింటూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నదే. నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఇంట్లో ధ్యానానికి క్లాసికల్ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? సంఘ ఆరాధనలో దాన్ని వాడొచ్చా, వాడితే ఎలా? రెండింటికీ నా జవాబు ఒకచోటే మొదలవుతుంది. ముందు వాక్యం చదవండి, ఆ తర్వాతే సంగీతం పెట్టండి. ఈ వరస తిరగబడితే సంగీతం ఎంత గొప్పదైనా ఒక చల్లని నేపథ్య శబ్దంగా మిగిలిపోతుంది.

మొదటి వారం: హాండెల్‌తో

కొత్తవాళ్లను నేను బాక్ దగ్గరికి వెంటనే పంపను. హాండెల్ 'మెస్సయా'తో మొదలుపెట్టమంటాను. కారణం సులువు. అందులో ఉన్నవన్నీ బైబిల్ మాటలే. చార్లెస్ జెన్నెన్స్ అనే ఆయన యెషయా, కీర్తనలు, సువార్తలు, పత్రికలు, ప్రకటన గ్రంథాల నుంచి వచనాలు ఏరి వరసగా కూర్చి ఇస్తే, హాండెల్ 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబర్ 14కి రాయడం పూర్తి చేశాడు. 24 రోజులు. పాడింది ఇంగ్లీషులో కాబట్టి మాటలు పట్టుకోవడం కూడా తేలికే.

మొత్తం వినాలంటే రెండున్నర గంటలకు దగ్గరగా పడుతుంది. ఒక్కసారి కూర్చుని వినొద్దు. చాలామంది అక్కడే అలిసిపోయి వదిలేస్తారు. రోజుకు ఒక వాక్య భాగం, దానికి తగిన పాట, అంతే. 20 నిమిషాలు చాలు.

మొదటి రోజు యెషయా 40:1-5 చదవండి. రెండుసార్లు, అందులో ఒకసారి పైకి చదవండి. తర్వాత 'కంఫర్ట్ యీ' నుంచి మొదలుపెట్టి వరసగా మూడు పాటలు వినండి. రెండో పాటలో, వంకరవి చక్కగా అవుతాయనే మాట దగ్గర చెవి పెట్టండి. 'వంకర' అనే మాట మీద స్వరం రెండు నోట్ల మధ్య అటూ ఇటూ ఊగుతుంది. 'చదును' అనే మాట రాగానే గొంతు ఒకే నోట్ మీద పొడుగ్గా, నేరుగా నిలబడుతుంది. లోయలు పైకి లేవాలన్న దగ్గర రాగం కూడా పైకి పాకుతుంది. ఇది తెలిశాక ఆ పాట మళ్లీ మొదటి నుంచి వినకుండా ఎవరూ ఉండరు. నేను నేర్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే చూశాను.

రెండో రోజుకు నాకు బాగా ఇష్టమైన చోటు, యెషయా 53:6. మనమందరం గొర్రెల్లా దారి తప్పిపోయాం అనే వచనం. 'ఆల్ వీ లైక్ షీప్' విన్నవాళ్లకు మొదట ఆశ్చర్యం వేస్తుంది. ఇంత బాధాకరమైన వచనానికి ఇంత హుషారైన పాటా? క్వైర్‌లో ఒక్కో గొంతూ ఒక్కో వైపు పరుగెడుతుంది. ఎవరి దారి వారిదే, అందరూ సంతోషంగానే ఉన్నారు. తప్పిపోతున్న గొర్రెకు తప్పిపోతున్నానని తెలియదు కదా. అలా మూడు నిమిషాలు ఆడి పాడాక, చివర్లో ఒక్కసారిగా వేగం పడిపోతుంది, స్వరం దుఃఖంలోకి దిగుతుంది. మన అందరి దోషం ఆయన మీద మోపబడింది అనే మాట అప్పుడు పడుతుంది. ఆ మలుపు కోసమే అంతసేపు అంత సంతోషంగా పాడించాడు. అక్కడ పాట ఆపండి. తర్వాతి పాట వెంటనే మొదలు కానివ్వకండి.

మూడో రోజు యోబు 19:25, 'ఐ నో దట్ మై రిడీమర్ లివెత్'. ఒకే గొంతు, కొద్దిపాటి వయొలిన్లు. నాలుగో రోజు ప్రకటన 19:6, 11:15, 19:16 చదివి హల్లెలూయ కోరస్ వినండి. ఎన్నోసార్లు విన్నదే అనుకుంటారు గానీ, అది 'మెస్సయా' ముగింపు కాదని చాలామందికి తెలియదు. రెండో భాగం అక్కడ ముగుస్తుంది. ఆ తర్వాత మొదలయ్యే మూడో భాగంలో మొదటి పాటే ఆ యోబు మాట. మూడో రోజు విన్న పాట నాలుగో రోజు కోరస్ తర్వాత మరోసారి పెట్టి చూడండి. సింహాసనం ముందు అంత గర్జన జరిగాక ఒక మనిషి ఒంటరిగా, మెల్లగా "నాకు తెలుసు" అంటాడు. వరసలో వింటే దాని బరువు వేరు.

ఒక హెచ్చరిక. ఆ వారంలోనే హైడన్ 'ద క్రియేషన్' కూడా వినాలనిపిస్తే, ఆదికాండం 1:1-3 చదివి మొదటి పది నిమిషాలు వినండి. గానీ వాల్యూమ్ పెంచకండి. సృష్టికి ముందున్న శూన్యాన్ని హైడన్ చాలా మెల్లగా, తడుముకుంటున్నట్టు రాశాడు. వినపడటం లేదని చాలామంది సౌండ్ పెంచుతారు. క్వైర్ కూడా గుసగుసలాడినట్టే పాడుతుంది. "వెలుగు" అనే మాట దగ్గర ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి విరుచుకుపడుతుంది. చెవులు జాగ్రత్త. ఆ ఒక్క చోటు మాత్రం నేను ఇయర్‌ఫోన్స్ తీసేసి స్పీకర్‌లోనే వింటాను.

బాక్ దగ్గరికి వెళ్లేటప్పుడు

బాక్ జర్మన్. ఆయన పాడించింది కూడా జర్మన్‌లో. భాష రాదని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కథ మీకు ముందే తెలుసు. మత్తయి 26, 27 అధ్యాయాలు మీ భాషలో తెరిచి పెట్టుకుంటే, కథ చెప్పే సువార్తికుడి పాత్ర పాడే ప్రతి వాక్యానికీ మీ వేలు ఒక వచనం మీద ఉంటుంది. మధ్యలో వచ్చే పాటలు బైబిల్ మాటలు కావు, ఆ సన్నివేశానికి విశ్వాసి ఇచ్చే జవాబులు. వాటి అనువాదం ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది, పక్కన పెట్టుకోండి.

బాక్ ఈ 'మాథ్యూ ప్యాషన్'ను కచేరీ కోసం రాయలేదు. లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చిలో గుడ్ ఫ్రైడే సాయంకాల ఆరాధన కోసం రాశాడు. రెండు భాగాల మధ్య ప్రసంగం ఉండేది. 1736లో తన చేత్తో రాసుకున్న శుభ్రమైన ప్రతిలో సువార్త మాటలన్నీ ఎర్ర సిరాతో, మిగతావి చాలావరకు నల్ల సిరాతో రాశాడు. ఏది వాక్యమో, ఏది వాక్యానికి మన జవాబో చూడగానే తెలిసేలా. మీరు వినేటప్పుడు కూడా ఆ రెండు రంగులూ మనసులో ఉంచుకోండి.

ఇంకో రెండు గుర్తులు చెబుతాను, మిగతావి మీరే కనిపెట్టండి. యేసు మాట్లాడినప్పుడల్లా ఆయన మాటల చుట్టూ వయొలిన్లు పొడుగ్గా మోగుతుంటాయి, ఒక కాంతి వలయంలా. మిగతా ఎవరు మాట్లాడినా అవి ఉండవు. సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచావు" అనే దగ్గర మాత్రం ఆ వయొలిన్లు లేవు. ఎందుకని ఎవరూ వివరించక్కర్లేదు. రెండోది, ఒకే కీర్తన రాగం వేరువేరు స్వరకూర్పుల్లో ఐదుసార్లు వస్తుంది. చివరిసారి యేసు ప్రాణం విడిచిన వెంటనే వస్తుంది, నేను చనిపోయే వేళ నన్ను విడిచిపోకు అనే చరణంతో. ఆ రాగం మొదట హాన్స్ లియో హాస్లర్ 1601లో అచ్చు వేయించిన ఒక ప్రేమ పాటది. ఈ సంగతి నేను క్వైర్ పిల్లలకు తప్పకుండా చెబుతాను. క్లాసికల్ కాబట్టి పవిత్రం, గిటార్ కాబట్టి లోకసంబంధం అనే మాట నా ముందు ఎవరన్నా హాస్లర్ పాటే గుర్తు చేస్తాను. రాగం తనంతట తాను పవిత్రం కాదు. అది ఎవరికి పని చేస్తోందన్నదే ప్రశ్న.

మొత్తం వినడానికి సుమారు రెండు గంటల 45 నిమిషాలు. నేను గుడ్ ఫ్రైడేకి ముందు వారం రోజుల్లో భాగాలుగా వింటాను. పేతురు బొంకిన చోటు (26:69-75), ఆ తర్వాత వచ్చే వయొలిన్ పాట 'ఎర్బార్మె డిష్' ఒక రోజుకు సరిపోతుంది. ఆ రోజు ఇంకేమీ వినను.

అంత పెద్దదానికి ముందు చిన్నది కావాలంటే బాక్ కాంటాటాలు ఉన్నాయి, గొంతులకూ వాయిద్యాలకూ కలిపి రాసిన చిన్న కూర్పులు. ఆదివారాలకు, పండుగలకు రాసినవి దాదాపు 200 మిగిలాయి. ఒక్కోటి 20, 30 నిమిషాలు. ఆ ఆదివారం చదివే సువార్త భాగానికి తగ్గట్టు రాసినవి కాబట్టి, మత్తయి 25:1-13 పదిమంది కన్యకల ఉపమానం చదివి 140వ నంబర్ కాంటాటా వినండి. 1731లో రాశాడు. అర్ధరాత్రి కేక, కాపలాదారుల పిలుపు, పెండ్లికుమారుడితో ఆత్మ మాట్లాడడం అన్నీ అందులో ఉన్నాయి.

ఇది ఆరాధనేనా, ఆనందమేనా?

వింటూ వింటూ ఒక రోజు ఈ అనుమానం వస్తుంది. రావాలి కూడా. కన్నీళ్లు వచ్చింది దేవుని మాటకా, వయొలిన్‌కా?

ప్రాచీన సంఘ బిషప్ అగస్టీన్‌కి కూడా ఇదే బాధ. దాదాపు 1,600 ఏళ్ల క్రితం తన ఆత్మకథ పదో భాగంలో రాసుకున్నాడు. పాడుతున్న మాట కన్నా పాట తనను ఎక్కువ కదిలించినప్పుడు అది తన పాపమేనని ఒప్పుకున్నాడు. అయినా తన విశ్వాసం కొత్తగా ఉన్న రోజుల్లో సంఘంలో పాటలు విని ఏడ్చిన సంగతి గుర్తు చేసుకుని, పాటను సంఘంలో ఉంచడం వైపే మొగ్గాడు. సంస్కరణ కాలంలో అందరూ అలా మొగ్గలేదు. జూరిచ్ సంస్కర్త జ్వింగ్లీ ఎన్నో వాయిద్యాలు వాయించగలిగిన సంగీతకారుడు. అయినా జూరిచ్ ఆరాధనలో సంగీతం ఆపేశారు, 1527లో అక్కడి పెద్ద చర్చి ఆర్గన్‌ను విప్పేశారు. కాల్విన్ జెనీవాలో కీర్తనల గ్రంథాన్ని పాడించాడు గానీ వాయిద్యాలు లేకుండా. లూథర్ మాత్రం దైవశాస్త్రం తర్వాతి స్థానం సంగీతానికే ఇచ్చాడు, 46వ కీర్తన ఆధారంగా తానే పాట కట్టాడు. ఆ లూథర్ వెలిగించిన దీపం కిందే రెండు వందల ఏళ్ల తర్వాత బాక్ పని చేశాడు. తన చాలా రాతప్రతుల మొదట్లో "యేసూ, సహాయం చెయ్యి" అని, చివర్లో "దేవునికే మహిమ" అని పొడి అక్షరాల్లో రాసుకునేవాడు.

నేను లూథర్ వైపే. కానీ జ్వింగ్లీ భయాన్ని తీసి పారేయను. ఎందుకంటే ఆ భయం నిజమైందని నా చేతులతోనే చూశాను.

ఒక ఈస్టర్‌కి, కానుకలు పట్టే సమయంలో వాయించడానికి బాక్ ఫ్యూగ్ (ఒకే రాగాన్ని ఒకదాని వెనక ఒకటి అందుకుంటూ అల్లే ముక్క) ఒకటి నెలలు కూర్చుని సాధన చేశాను. తొమ్మిది నిమిషాల ముక్క. కానుకలు పట్టడం మూడు నిమిషాల్లో అయిపోయింది. పట్టినవాళ్లు ముందుకు వచ్చి నిలబడిపోయారు. ప్రార్థన చేయాల్సిన పెద్దాయన లేచి, మళ్లీ కూర్చున్నారు. నేను ఆపలేదు. ముగిశాక అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే అర్థమైంది. పునరుత్థాన దినాన ఆ ఆరు నిమిషాల పాటు సంఘం దేవుని వైపు కాకుండా కీబోర్డ్ వైపు చూసింది. వాళ్లు చేసిన తప్పు కాదు, అలా చూసేలా చేసింది నేను. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు నన్ను ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లి ఆ నోట్స్ పుస్తకం మూసి పెట్టాను.

ఇంట్లో వినడానికీ సంఘంలో వాడడానికీ తేడా అక్కడే ఉంది. ఇంట్లో మీరు శ్రోతగా కూర్చోవచ్చు, ఎంత లోతుకైనా దిగవచ్చు. సంఘంలో మాత్రం ఎవరూ శ్రోతగా మిగలకూడదు.

ఆరాధన క్రమంలో ఎక్కడ పెట్టాలి

ఆరాధనకు ముందు ఐదు నిమిషాలు, ప్రభువు బల్ల సమయం, వాక్య పఠనం తర్వాత మౌనం. ఈ మూడు చోట్ల క్లాసికల్ బాగా ఇముడుతుంది. కానుకల సమయంలో పెట్టాలంటే ఎక్కడైనా ఆపగలిగిన ముక్కే ఎంచుకోండి. ఆపే చోట్లు పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టుకోండి. నేను ఇప్పుడు మూడు చోట్ల గుర్తు పెడతాను, ముందు నిలబడిన వాళ్లను చూస్తూ వాయిస్తాను.

ఆరాధనకు ముందు వాయించడానికి బాక్ 'ఆర్గెల్‌బ్యూష్లైన్' అనే చిన్న ముక్కల పుస్తకం ఉంది. చాలావరకు ఒకటి రెండు నిమిషాలవే. ప్రతిదీ ఒక సంఘ కీర్తన మీద కట్టింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బాక్ కాలపు సంఘానికి ఆ రాగం వినగానే మాటలు మనసులో మెదిలేవి. మన సంఘానికి ఆ కీర్తనలు తెలియకపోతే అది ఉత్త ఆర్గన్ శబ్దమే. కాబట్టి బాక్ ముక్క వాయించే బదులు బాక్ చేసిన పని చేయండి. ఆ రోజు సంఘం పాడబోయే కీర్తన తీసుకోండి. కుడిచేత్తో ఆ రాగాన్ని నెమ్మదిగా, పొడుగు నోట్లలో వాయించండి. ఎడమచేత్తో దాని కింద నడిచే నోట్లు, ఒక్కో బీట్‌కు రెండు, మెట్లు దిగినట్టు. ఆర్గన్‌లా కాళ్లతో వాయించే పెడల్ లేకపోయినా ఫర్వాలేదు. రెండు వారాలు సాధన చేస్తే ఒక చరణానికి సరిపడా వచ్చేస్తుంది. జనం కూర్చుంటూ కూర్చుంటూ పెదవులు కదపడం కనిపిస్తుంది. నా దృష్టిలో కష్టమైన ఫ్యూగ్ కన్నా ఇదే బాక్‌కి దగ్గర.

సంఘమంతా పాడే రాగాలు కూడా క్లాసికల్ నుంచి వచ్చినవి చాలానే ఉన్నాయి. బేతోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆనంద గీతం (1824), సిబేలియస్ 'ఫిన్లాండియా', మెండల్సన్ 1840లో అచ్చుయంత్రం పండుగకు రాసిన పాట. ఆ చివరిదే ఇప్పుడు క్రిస్మస్‌కి ప్రపంచమంతా పాడే 'హార్క్ ద హెరాల్డ్' రాగం. వీటిని వాయించేటప్పుడు కీ చూసుకోండి. సంఘం పాడే పాటలో పై 'డి' దాటితే మగవాళ్లు సగం మంది పాడడం మానేస్తారు.

గుడ్ ఫ్రైడేకి హైడన్ 'సెవెన్ లాస్ట్ వర్డ్స్' గురించి చెప్పాలి, ఎందుకంటే అది పుట్టిందే ఆ ఆరాధన కోసం. స్పెయిన్‌లోని కాదిజ్ నుంచి అడిగి రాయించుకున్నారు. చర్చి గోడలకు, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, మధ్యలో ఒకే దీపం పెట్టేవారు. బిషప్ సిలువ మీది ఒక మాట పలికి, దాని మీద ప్రసంగించి, దిగివచ్చి మోకరించేవాడు. అప్పుడు సంగీతం. మళ్లీ రెండో మాట. అలా ఏడు. వరసగా ఏడు నెమ్మది ముక్కలు వినేవాళ్లు అలిసిపోకుండా రాయడం తేలిక కాలేదని హైడనే రాసుకున్నాడు. కాబట్టి ఏడూ వాయించాలని పట్టు పట్టకండి. మేము ఒకే ఒక్కటి పెట్టాం, ఐదోది, "దప్పిగొంటున్నాను". నాలుగు వాయిద్యాల క్వార్టెట్ రికార్డింగ్. అందులో తీగలను వేళ్లతో మీటుతారు, ఒక్కో చుక్క రాలినట్టు. ఐదో మాట మీద ప్రసంగం అయ్యాక మాటల్లేకుండా నాలుగు నిమిషాలు మోగించి, సౌండ్ మెల్లగా తగ్గించాం. సౌండ్ దగ్గర కూర్చునేవాళ్లకు ఎక్కడ తగ్గించాలో నిమిషాలు, సెకన్లతో సహా ముందురోజే రాసి ఇవ్వండి. ఇందులో టెన్షన్ పడాల్సింది ఆ ఒక్క చోటే.

పెళ్లిళ్ల విషయంలో చిన్న మాట. వధువు నడిచి వచ్చేటప్పుడు అందరూ అడిగేది వాగ్నర్ 'లోహెన్‌గ్రిన్' పాట. ఆ ఒపెరాలో ఆ పాట పాడిన రాత్రే ఆ పెళ్లి విడిపోతుంది. తెలిసి అడిగితే వాయిస్తాను, కానీ ముందు ఈ సంగతి చెబుతాను. బాక్ 147వ కాంటాటాలోని 'జీసూ, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్' అడిగితే సంతోషంగా వాయిస్తాను, దాని అసలు మాటలు యేసును పట్టుకుని విడవననే మాటలు కాబట్టి.

క్వైర్‌కి నేర్పేటప్పుడు

పదిహేను మంది క్వైర్‌తో హల్లెలూయ కోరస్ ఎత్తుకోవద్దు. టెనర్లకు గొంతు పైకి లేవదు, కీ దించితే బేస్ వాళ్లకు అడుగు అందదు, చివరికి మెప్పించడం కోసం అరవడమే మిగులుతుంది. బాక్ నాలుగు గొంతుల కీర్తనలు తీసుకోండి. ఒక్కోటి ఒక పేజీ. ఉచితంగా దొరుకుతాయి. ఐఎంఎస్‌ఎల్‌పీ, సీపీడీఎల్ సైట్లలో పాత స్వరకర్తల నోట్స్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆరాధన లైవ్ ఇచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బాక్ సంగీతం మీద ఎవరికీ హక్కు లేదు గానీ, దాన్ని వాయించి రికార్డ్ చేసినవాళ్లకు ఆ రికార్డింగ్ మీద హక్కు ఉంటుంది. మీరు స్వయంగా వాయించి పాడితే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

మోత్సార్ట్ 'ఆవే వెరుమ్ కోర్పుస్' 46 బార్లే, మూడు నిమిషాలు, మెల్లగా పాడాల్సినది. చిన్న క్వైర్‌కి చాలా బాగుంటుంది. దాని లాటిన్ మాటలు ప్రభువు బల్లలోని రొట్టెను నిజమైన శరీరమని సంబోధిస్తాయి. మీ సంఘ బోధకు అది కుదురుతుందో లేదో పాస్టర్ గారితో ముందే మాట్లాడండి. రిహార్సల్ మొదలయ్యాక తెలిస్తే అందరికీ ఇబ్బంది.

ప్రాక్టీస్‌లో మొదటి పది నిమిషాలు నోట్స్ ముట్టుకోం. వచనం చదువుతాం. తర్వాత మాటలను రాగం లేకుండా, తాళంలో పలుకుతాం. ఆ తర్వాతే ఒక్కో గొంతుకు నేర్పిస్తాను, బేస్‌తో మొదలుపెట్టి. ప్రధాన రాగం పాడే సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) చివర. రాగం ముందే చెవిన పడితే అందరూ దాన్నే పాడేస్తారు.

దుఃఖంలో ఉన్నవాళ్లకు

ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు నేను ఒక్కటే పంపుతాను, బ్రామ్స్ రాసిన సంస్మరణ సంగీతం 'జర్మన్ రెక్వియమ్' మొదటి భాగం. దుఃఖపడువారు ధన్యులు (మత్తయి 5:4) అనే మాటతో మొదలవుతుంది. ఆ భాగంలో వయొలిన్లు అసలు వాయించరు, తీగ వాయిద్యాల్లో కింది స్వరాలవే ఉంటాయి. ఓదార్చడానికి వచ్చిన మనిషి గట్టిగా మాట్లాడకుండా పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. వచనాలన్నీ బ్రామ్స్ స్వయంగా లూథర్ బైబిల్ నుంచి ఏరుకున్నాడు. అందులో క్రీస్తు పేరు లేదని అప్పట్లోనే కొందరు బాధపడ్డారు. 1868 గుడ్ ఫ్రైడే రోజున బ్రెమెన్ కేథడ్రల్‌లో పాడినప్పుడు, హాండెల్ రాసిన "నా విమోచకుడు సజీవుడని నాకు తెలుసు" పాటను కూడా ఆ కార్యక్రమంలో చేర్చారు. నేను కూడా అలాగే చేస్తాను. బ్రామ్స్ పంపిన మూడు నాలుగు రోజులకు యోబు పాట పంపుతాను. వెంటనే పంపను.

"నేనే"

మొదట చెప్పిన ఆ కీర్తనకు మళ్లీ వస్తాను. రెండేళ్ల క్రితం గుడ్ ఫ్రైడేకి ఆ ఒక్క చరణాన్ని మా క్వైర్ కోసం తెలుగులో కట్టాను. రాగం ఒక బలహీనమైన బీట్ మీద మొదలై, రెండో అక్షరం బలమైన బీట్ మీద పడుతుంది. జర్మన్‌లో మొదటి మాట "ఇష్ బిన్స్", రెండు అక్షరాలు. తెలుగులో ఆ చోటులో "నేనే" సరిగ్గా కూర్చుంది. మనం నొక్కి పలికే ఆ చివరి ఏత్వం బలమైన బీట్ మీద వచ్చి పడింది. మిగతా పంక్తులకు మూడు వారాలు పట్టింది. దీర్ఘాలు పొట్టి నోట్ల మీద పడి మాట విరిగిపోతుంటే కొట్టేసి మళ్లీ రాశాను.

ఆరాధన క్రమంలో దానికి పేరు పెట్టలేదు, ప్రకటించలేదు. పాస్టర్ గారు మత్తయి 26 చదువుతున్నారు. 22వ వచనం దగ్గర, "ప్రభువా, నేనా?" అన్న చోట ఆగారు. క్వైర్ కూర్చున్న చోటి నుంచే, లేవకుండా, వాయిద్యం లేకుండా ఆ చరణం పాడింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పాస్టర్ గారు 23వ వచనం వెంటనే మొదలుపెట్టలేదు. వేలు పేజీ మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత చదివారు.